మూడు బోర్లు, ఒకే జల: ఎకనామిక్స్ పైచదువుకు బ్యాకప్ ప్లాన్ ఎలా వేసుకోవాలి

పోయినేడు సెప్టెంబర్‌లో పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి తండ్రీ కూతురూ హనుమకొండలో మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఎంఏ ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేద్దామని పది యూనివర్సిటీల లిస్టు రాసుకొచ్చి, నన్ను ఒకసారి చూడమంది. గంటసేపు ఇద్దరం ఆ లిస్టు మీదే మాట్లాడుకున్నాం. తండ్రి చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అంతసేపూ వింటూ కూర్చున్నాడు. లేచే ముందు ఒక్కటే అడిగాడు.

"సార్, ఒకవేళ యాడా రాకపోతే?"

"పది పెడుతున్న గదా బాపూ, ఒక్కటన్నా రాదా?" అంది అమ్మాయి.

"మన చెలకల మూడు బోర్లు ఏసిన బిడ్డా. మూడూ ఒకే జల మీద పడ్డయి. ఎండాకాలం మూడూ ఒక్కపారే ఎండినయి గదా."

ఆయన అన్నదాన్ని ఎకనామిక్స్‌లో కోరిలేటెడ్ రిస్క్ అంటాం. ఒక్క దెబ్బకు అన్నీ కలిసి పడిపోయే ప్రమాదం. అప్లికేషన్ల విషయంలో దీన్ని లెక్కగా చూద్దాం. ఒక్కో యూనివర్సిటీలో సీటు వచ్చే అవకాశం 10 శాతం అనుకోండి. పది చోట్లా రాకపోయే అవకాశం ఎంతో తెలియాలంటే 0.9ని పదిసార్లు గుణించాలి. దాదాపు 35 శాతం వస్తుంది. అంటే ఎక్కడో ఒకచోట సీటు వచ్చే అవకాశం 65 శాతం. అమ్మాయి మనసులో ఉన్న ధైర్యం ఈ 65 శాతమే. కానీ ఒక యూనివర్సిటీ నిర్ణయానికీ ఇంకోదాని నిర్ణయానికీ ఏ సంబంధమూ లేనప్పుడే ఈ లెక్క నిలబడుతుంది. ఇక్కడ పది కమిటీలూ చదివేది అవే మూడు రికమెండేషన్ లెటర్లు, అదే మార్కుల మెమో, ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే అదే ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్). మొదటి కమిటీకి ఎక్కడ అనుమానం వస్తుందో తొమ్మిదో కమిటీకీ అక్కడే వస్తుంది. అప్పుడు ఆ 65 శాతం కిందికి జారుతూ, ఒక్క అప్లికేషన్‌కు ఉన్న 10 శాతం దగ్గరికి పోతుంది.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. ఎంఏ అయిపోయిన ఏడాది ఏడు యూనివర్సిటీలకు పెట్టాను. లెటర్లు ఇస్తామన్న ముగ్గురిలో ఒకరు గడువులోపు ఒక్కచోటికీ పంపలేదు. ఆ సంగతి ఫిబ్రవరి దాకా నాకు తెలియలేదు. ఏడు అప్లికేషన్లూ సగంలో ఆగిపోయాయి. అమెరికా వస్తుందన్న ధీమాతో నెట్ (లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు జరిగే జాతీయ పరీక్ష) ఫారం నింపలేదు, ఇంకే ప్రవేశ పరీక్షా రాయలేదు. ఆ ఏడాదంతా ఇంట్లోనే ఉన్నాను. వాడకట్టులో ఎవరైనా అడిగితే మా అమ్మ "వీసా కోసం చూస్తున్నడు" అని చెప్పేది. ఆమె చేత ఆ అబద్ధం ఆడించానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ విషయంలో పిల్లలకు కొంచెం గట్టిగానే చెబుతాను.

సేఫ్ యూనివర్సిటీ అనేది ఎందుకు లేదు

కన్సల్టెన్సీకి వెళితే రెండు పెద్దవి, నాలుగు మధ్యరకం, రెండు సేఫ్ అని లిస్టు చేసిస్తారు. ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కు ఆ పద్ధతి కొంతవరకు పనిచేస్తుంది. అక్కడ ఫీజు కట్టేది విద్యార్థి కాబట్టి సీట్లు ఎక్కువగా ఉంటాయి. ఎకనామిక్స్ పీహెచ్‌డీలో డబ్బు నడిచే దారి ఇందుకు వ్యతిరేకం. చాలావరకు యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి, ఐదారేళ్లు స్టైపెండ్ ఇచ్చి చదివిస్తుంది. ఆ ఖర్చు భరించాలి కాబట్టి ర్యాంకింగులో కింద ఉన్న యూనివర్సిటీ కూడా కొద్దిమందినే తీసుకుంటుంది. పేరున్న డిపార్ట్‌మెంట్లకు వందల్లో అప్లికేషన్లు వస్తే చివరికి చేరేది ఏ ఇరవై ముప్పై మందో. ర్యాంకింగులో కిందికి దిగినంత మాత్రాన సీటు ఖాయం కాదు.

ఇక మన పిల్లల అప్లికేషన్లన్నిటికీ కింద ఉన్న ఆ ఒక్క జల ఏది? నేను చూసినంతలో మొదటిది గణితం. ఎకనామిక్స్ పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్ చెబుతారు. మూడూ లెక్కలతోనే నడుస్తాయి. అందుకే కమిటీలు రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, ప్రాబబిలిటీల్లో మార్కులు వెతుకుతాయి. మన దగ్గర ఎకనామిక్స్ అంటే ఇష్టం ఉన్న పిల్లలు ఇంటర్‌లో సీఈసీ, డిగ్రీలో హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) తీసుకుంటారు. పదో తరగతితోనే గణితం ఆగిపోతుంది. మరోపక్క బీఎస్సీ మ్యాథ్స్ చదివినవాళ్ల మెమోలో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రెండూ ఉంటాయి, కానీ తమకు ఎకనామిక్స్‌లోకి దారి ఉందని వాళ్లకు చెప్పేవారు ఉండరు. జనగామ, ములుగు, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ చదివే పిల్లల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో అని నాకు తరచూ అనిపిస్తుంది.

రెండోది లెటర్లు. "నువ్వే రాసుకొని రా, సంతకం పెడతా" అనే మాట మనకు అలవాటే. ఆ లెటర్‌లో తెలివైన అమ్మాయి, క్రమశిక్షణ గలది అని ఉంటుంది. కమిటీకి కావలసింది వేరు. ఈమె ఏ ప్రశ్న మీద పనిచేసింది, డేటాను ఎలా పట్టుకుంది, ఇంతకుముందు ఇదే చదువుకు వెళ్లినవాళ్లతో పోలిస్తే ఎక్కడుంటుంది అన్నది కావాలి. అది దగ్గరుండి పని చూసినవాళ్లే రాయగలరు.

మూడోది దేశం. 2025 మే చివర్లో అమెరికా కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఇవ్వడం మూడు వారాలపాటు ఆపేసింది. సీటు ఏ యూనివర్సిటీలో వచ్చినా ఆ మూడు వారాల టెన్షన్ అందరిదీ. లిస్టులో పది పేర్లూ అమెరికావే అయితే ఇలాంటి దెబ్బ పదింటికీ తగులుతుంది.

ఇలా అందరికీ ఒకేసారి తగిలే దెబ్బ మీద మా సబ్జెక్టులో పేరున్న ఒక అధ్యయనం మన తెలంగాణ ఊరి లెక్కలతో జరిగింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి కొన్ని పల్లెల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు వివరాలు సేకరించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి వాటిలో ఒకటి. ఆ వివరాలతో రాబర్ట్ టౌన్సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక విషయం చూపించాడు. ఒక్క ఇంటికి మాత్రమే నష్టం వస్తే ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా తగ్గదు, ఊరు ఏదో ఒక రకంగా సర్దుకుంటుంది. ఊరందరికీ ఒకేసారి దెబ్బ తగిలితే మాత్రం ఇంటింటి ఖర్చూ కలిసే కిందికి పోతుంది. చేబదులు ఇచ్చే పక్కింటి గాదె కూడా ఆ ఏడు ఖాళీగానే ఉంటుంది కదా.

డిగ్రీలో ఉన్నవాళ్లకు

డిగ్రీ ఫైనలియర్ వాళ్లు పీహెచ్‌డీ సంగతి కాసేపు పక్కన పెట్టి, మంచి చోట ఎంఏ గురించి ఆలోచించాలి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. కొన్ని ఐఐటీల్లో పీజీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. అందులో ఎకనామిక్స్ పేపర్ 2021లో మొదలైంది. ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో ఎకనామిక్స్ మాస్టర్స్ అయిన ఎమ్మెస్‌క్యూఈకి దాని పరీక్ష దానిదే, ఒక పేపరంతా గణితమే. రిజర్వ్ బ్యాంక్ 1987లో ముంబైలో పెట్టిన ఇందిరాగాంధీ డెవలప్‌మెంట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా మంచి చోటు.

హెచ్ఈపీ చదివిన పిల్లవాడు జామ్, ఐఎస్ఐ, సీయూఈటీ మూడూ రాస్తూ మూడు దారులున్నాయి అనుకుంటాడు. గణితం రాకపోతే ఆ మూడు చోట్లా దెబ్బ తగులుతుంది. అతనికి అసలైన బ్యాకప్ మన సీపీగెట్. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకు ఉమ్మడిగా జరిగే ఈ పరీక్ష చాలావరకు డిగ్రీలో చదివిన పాఠాల మీదే ఉంటుంది. పైగా మిగతావన్నీ అయిపోయాక జులై, ఆగస్టులో వస్తుంది. "తిరిగి తిరిగి కేయూలనే (కాకతీయ యూనివర్సిటీ) చెయ్యాల్నా?" అని చిన్నబుచ్చుకునే పిల్లలున్నారు. నేనూ అక్కడే చదివాను. ఇంటి దగ్గర ఉండి, తక్కువ ఫీజుతో రెండేళ్లు దొరుకుతాయి. ఆ రెండేళ్లలో ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా కోర్సులు చేసి, వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష కూడా రాయాలి. వీడియోలు చూసి వదిలేస్తే చూపించడానికి ఏమీ ఉండదు. ఆ సర్టిఫికెట్ డిగ్రీ మార్కులతో సమానం కాదు, కానీ "గణితం లేదు" అనే మాటకు ఒక జవాబు ఉంటుంది.

క్యాలెండర్ చేసే అన్యాయం

బ్యాకప్ గురించి నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది తేదీలు. అమెరికా పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబర్ మొదటి పక్షంలో ఉంటాయి. ఫలితాలు ఫిబ్రవరిలో మొదలై మార్చి చివరిదాకా వస్తూ ఉంటాయి. సీటు వచ్చినవాళ్లు ఏప్రిల్ 15లోపు చెప్పాలి. సీటు రాలేదని మీకు కచ్చితంగా తెలిసేసరికి మార్చి నెలాఖరు అవుతుంది.

ఆ రోజు మీ ముందు ఏ తలుపులు తెరిచి ఉంటాయో చూడండి. జామ్ ఫారాలు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే అయిపోయాయి, పరీక్ష ఫిబ్రవరిలో జరిగిపోయింది. సీయూఈటీ పీజీ మామూలుగా మార్చిలో అవుతుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష జూన్‌లో ఉన్నా, దాని దరఖాస్తు గడువు ఫిబ్రవరి, మార్చిలలోనే ముగుస్తుంది. డిసెంబర్ విడత నెట్ అయిపోయింది. మిగిలేవి జూన్ విడత నెట్, సీపీగెట్. అంటే బ్యాకప్ అవసరమని తెలిసే రోజుకు బ్యాకప్‌లలో చాలావాటి గడువు దాటిపోతుంది. అందుకే అమెరికా అప్లికేషన్లు రాసే అక్టోబర్, నవంబర్‌లలోనే, మనసంతా దాని మీద ఉన్నప్పుడే, రెండో దారి ఫారం కూడా నింపాలి. ఆ పని మనసుకు కష్టమే. రెండో దాని గురించి ఆలోచిస్తే మొదటిదాని మీద నమ్మకం లేనట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి ఫారం నింపలేదు.

పీహెచ్‌డీ దశలో లెటర్లతో, ఎస్‌ఓపీతో సంబంధం లేని దారి నెట్. ఎంఏ ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఏ కాలేజీలో చదివారు, ఎవరు లెటర్ ఇచ్చారు అన్నది ఆ పరీక్షకు అక్కర్లేదు. నెట్‌లో పై ర్యాంకుల వారికిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, హెచ్ఆర్ఏ అదనం. 2024 నుంచి నెట్‌లోనే పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే మూడో కేటగిరీ కూడా పెట్టారు. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది, అది గుర్తుంచుకోవాలి. నెట్ కూడా నిశ్చింతగా కూర్చోదగ్గది కాదు. 2024 జూన్ 18న జరిగిన పరీక్షను మర్నాడే రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబర్‌లలో మళ్లీ పెట్టారు. అయితే నెట్‌కు వచ్చే ఆపద వేరు, అమెరికా వీసాకు వచ్చే ఆపద వేరు. రెండూ ఒకే ఏడాది రావొచ్చు గానీ, ఒకదాని వల్ల రెండోది రాదు. మనకు కావలసింది ఈ తేడాయే.

కొన్ని బ్యాకప్‌లు అసలు పంటను తినేస్తాయి

"గ్రూప్స్ ప్రిపేర్ అవుతూ పీహెచ్‌డీకి కూడా చూస్తా" అంటారు. హనుమకొండ రీడింగ్ హాళ్లలో ఇలాంటి పిల్లలు చాలామంది కనిపిస్తారు. గ్రూప్స్‌ను తక్కువ చేయడం లేదు, అది చాలా ఇళ్లను నిలబెట్టింది. కానీ అది పూర్తికాలపు పని, ఎప్పుడు ముగుస్తుందో మన చేతిలో ఉండదు. 2022లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది, 2024 ఫిబ్రవరిలో మళ్లీ కొత్త నోటిఫికేషన్ వచ్చింది. అన్నాళ్లు అందులో ఉన్నవారికి రియల్ అనాలిసిస్ తీసే తీరిక ఎక్కడిది? మూడేళ్ల తర్వాత లెటర్ అడిగితే ప్రొఫెసర్‌కు మొహం కూడా గుర్తుండదు. గ్రూప్స్ రాయాలనుకుంటే అదే ముఖ్యమని పెట్టుకుని రాయండి.

ఉద్యోగాల్లోనే పీహెచ్‌డీ చదువుతో కలిసి నడిచేవి ఉన్నాయి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాతపరీక్ష వెయ్యి మార్కుల్లో 800 ఎకనామిక్స్‌కే. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్-బీలో ఆర్థిక పరిశోధన విభాగం పోస్టులకు ఎకనామిక్స్ పీజీ కావాలి. ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ పోస్టుకు చదివేదీ, నెట్‌కు చదివేదీ చాలావరకు ఒకటే. వీటికి పెట్టిన ఏ నెలా వృథా పోదు.

నన్నడిగితే అన్నిటికంటే మంచి బ్యాకప్ రీసెర్చ్ ఉద్యోగం. పేదరికం మీద పరిశోధన చేసే జే-పాల్ సౌత్ ఏషియా లాంటి సంస్థలు సర్వేలు నడపడానికి, డేటా శుభ్రం చేయడానికి రీసెర్చ్ అసోసియేట్లను తీసుకుంటాయి. డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లయిన స్టాటా గానీ ఆర్ గానీ వచ్చి ఉండాలి. తెలంగాణ పల్లెల్లో సర్వే అయితే మన యాసలో రైతుతో మాట్లాడగలగడం చిన్న అర్హత కాదు. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వచ్చాయని అడిగినప్పుడు ఆయన చెప్పేది పొత్తుదారు వాటా తీసేసిన లెక్కా, తీయని లెక్కా అన్నది మన పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఇక్కడ జీతం వస్తుంది, పని తెలుస్తుంది, దగ్గరుండి చూసినవారి లెటర్ వస్తుంది. మొదటి దారిలో ఉన్న లోపాన్ని పూడ్చే రెండో దారి ఇదొక్కటే నాకు కనబడింది.

ఇక అప్పు చేసి విదేశాల్లో మాస్టర్స్ చేయడం. "పీహెచ్‌డీ రాకపోతే లోన్ తీసుకొని అక్కడే ఎంఏ చేస్తా" అన్న మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. మొదటి ప్లాన్‌లో యూనివర్సిటీ డబ్బు ఇస్తుంది, ఈ రెండో ప్లాన్‌లో ఊళ్లో భూమి కుదువకు పోతుంది. మొదటిది తప్పినప్పుడు పట్టుకునేది అంతకంటే ప్రమాదంగా ఉంటే దాన్ని బ్యాకప్ అని ఎలా అంటాం? విదేశీ ఎంఏ కావాలంటే తక్కువ ఖర్చు దారులు చూడాలి. జర్మనీలో బాన్ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదు, మాన్‌హైమ్‌లో మనలాంటి బయటి దేశాల వారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు. కాకపోతే వీసా కోసం ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో చూపించాలి. అది పది లక్షల రూపాయలు దాటుతుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి కింద రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల దాకా ఇస్తుంది. మైనారిటీలకూ ఇలాంటి పథకం ఉంది. ఆ డబ్బు అక్కడికి చేరాక విడతలుగా వస్తుంది కాబట్టి మొదటి నెలల ఖర్చు చేతిలో ఉండాలి.

అప్లై చేయడానికయ్యే ఖర్చునూ తండ్రితో కూర్చుని లెక్కవేయాలి. ఎనిమిది యూనివర్సిటీలకు ఒక్కోదానికి వంద డాలర్ల చొప్పున, జీఆర్ఈకి 20 వేలకు పైన, ఇంగ్లిష్ పరీక్ష ఫీజు కలిపితే లక్ష దాటుతుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర మొత్తం చేతికొచ్చినా పన్నెండు పదమూడు క్వింటాళ్లు. అడిగితే ఫీజు మాఫీ చేసే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, మెయిల్ రాయడానికి మొహమాటపడొద్దు.

ఆ రాత్రి అమ్మాయి లిస్టు మళ్లీ రాశాం. పది అమెరికా యూనివర్సిటీలు నాలుగయ్యాయి, యూరప్‌లో రెండు చేరాయి. మిగిలిన డబ్బు, సమయం డిసెంబర్ నెట్‌కూ, స్టాటా నేర్చుకోవడానికీ మళ్లించాం. లెటర్లు ఇచ్చే ముగ్గురికీ గడువుకు మూడు వారాల ముందు, వారం ముందు, రెండు రోజుల ముందు గుర్తుచేయాలని తేదీలు రాసుకుంది. ఇంట్లో ఎన్నేళ్లు ఆగుతారన్నది కూడా అప్పుడే తేల్చుకున్నారు. రెండుసార్లు అప్లై చేయాలి, అప్పటిదాకా పెళ్లి మాట ఎత్తొద్దు అని అమ్మాయి అడిగింది, తండ్రి సరేనన్నాడు.

నాలుగు అమెరికా యూనివర్సిటీల్లోనూ రాలేదు. యూరప్‌లో ఒకచోట సీటు వచ్చింది గానీ ఫండింగ్ లేదు, వద్దనుకుంది. నెట్‌లో జేఆర్ఎఫ్ తప్పిపోయి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది. మేలో ఒక సర్వే ప్రాజెక్టులో చేరి, ఇప్పుడు ఊరూరా తిరుగుతూ పని చేస్తోంది. ఈ డిసెంబర్‌లో మళ్లీ పెడుతోంది. ఈసారి మూడు లెటర్లలో ఒకటి రోజూ ఆమె డేటాను చూస్తున్న మనిషి రాస్తున్నారు. మొన్న వాళ్ల బాపు ఫోన్ చేసి ఫలితాలు ఎప్పుడొస్తాయని అడిగాడు. ఫిబ్రవరి నుంచి మార్చి ఆఖరు దాకా అని చెప్పాను. "అప్పటికి మిర్చి కోతలు అయిపోతయి సార్" అన్నాడు.